తప్పు తనదేనని తెలిసినా అన్నయ్యకు నోరు పెగలడం లేదు

ప్రశ్న:
ఉమ్మడి ఖర్చుల లెక్కలో తేడా వచ్చినప్పుడు, మా అన్నయ్య ఇంటిల్లిపాదీ వింటుండగా తమ్ముడే డబ్బు తీశాడని నిందించాడు. లెక్క తప్పు రాసింది తానేనని వారం తిరగకముందే తేలింది. అప్పటి నుంచి తమ్ముడిని ఆప్యాయంగా పలకరిస్తున్నాడు, అడగకుండానే వాడి పనులు చేసిపెడుతున్నాడు గాని, ‘తప్పు నాది’ అన్న మాట మాత్రం అనడం లేదు. చిన్నవాడికి క్షమాపణ చెబితే రేపు తన మాటకు విలువ ఉండదని అతని భయం. తమ్ముడు పైకి ఏమీ అనడు, కానీ ఆ లెక్కల పుస్తకం మళ్లీ ముట్టుకోలేదు. అన్నయ్యను ఎలా ఒప్పించాలో దయచేసి చెప్పండి.

జవాబు 1:
ఆయన చేసిపెడుతున్న పనులు పశ్చాత్తాపానికి గుర్తులే, వాటిని తక్కువ చేయను. అయితే నింద నలుగురిలో పడింది కనుక, దానిని తుడిచే మాట కూడా ఆ నలుగురికీ వినబడాలి. ఆస్ట్రేలియాలో ఆదివాసుల పిల్లలను కుటుంబాల నుంచి వేరుచేసినందుకు 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులోనే నిలబడి క్షమాపణ చెప్పారు. ఆ పిల్లలను తీసుకుపోవడానికి వీలు కల్పించిన చట్టాలు చట్టసభల్లో పుట్టినవే మరి. అది తన హయాంలో జరగలేదని ఆయన తప్పుకోగలిగినా తప్పుకోలేదు, అందువల్ల ఆయన పదవికి వచ్చిన లోటూ లేదు.

జవాబు 2:
పై మాట నిజమే గాని, ముందుగా తమ్ముడితో ఏకాంతంగా మాట్లాడాలి. లేకపోతే అందరి ముందు ‘సరేలే అన్నయ్యా’ అనక తప్పని ఇరకాటంలో వాడు పడతాడు. రాయ్ లెవికీ, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో క్షమాపణలోని ఆరు అంశాలను పోల్చి చూడగా, బాధ్యత ఒప్పుకోవడం అన్నిటికంటే ముఖ్యమనీ, జరిగిన నష్టాన్ని సరిదిద్దుతాననడం దాని తరువాతిదనీ, క్షమించమని అడగడం అన్నిటికంటే చివరిదనీ తేలింది. కాబట్టి ‘నువ్వు నొచ్చుకుని ఉంటే’ అని మొదలుపెట్టవద్దు. ‘లెక్క తప్పు రాసింది నేను, సరిచూసుకోకుండా నిన్ను అన్నాను’ అంటే చాలు. ఆ రోజు పని ఒత్తిడిలో ఉన్నానని చేర్చారంటే మొత్తం చెడుతుంది.

జవాబు 3:
పెద్దరికం పోతుందన్న భయానికి సమాధానం మీ ప్రశ్నలోనే ఉంది. తమ్ముడు ఆ పుస్తకం ముట్టడం మానేశాడంటే, అన్నయ్య మీద ఉన్న నమ్మకం ఇప్పటికే సడలింది. ఈ సంగతి అన్నయ్యకు తెలియకపోవచ్చు, మీరే నెమ్మదిగా చెప్పండి. ఒప్పుకున్న వెంటనే తమ్ముడు మునుపటిలా దగ్గరకు రాకపోతే, ‘చెప్పాను కదా, ఇంకేం కావాలి’ అని తొందరపెట్టవద్దని కూడా ముందే చెప్పి ఉంచండి.