డైబోరేన్‌లో ఎలక్ట్రాన్లు నిజంగా తక్కువేనా?

ప్రశ్న:
ఈథేన్‌లోని ఏడు బంధాలకు 14 వేలన్సీ ఎలక్ట్రాన్లు (బంధాల్లో పాల్గొనే బయటి ఎలక్ట్రాన్లు) సరిపోతాయి. అదే సంఖ్యలో పరమాణువులున్న డైబోరేన్‌లో (రెండు బోరాన్లు, ఆరు హైడ్రోజన్లు) 12 మాత్రమే ఉండటం వల్ల పాఠ్యపుస్తకాలు దానిని ‘ఎలక్ట్రాన్ కొరత గల సమ్మేళనం’ అంటాయి. కొరత ఉన్న అణువు విడిపోకుండా ఎలా నిలుస్తుంది? బోరాన్ ట్రైహైడ్రైడ్ అణువులు రెండేసి కలిసి డైబోరేన్‌గా మారడానికి కారణమేమిటి?

మొదటి జవాబు:
మీ లెక్క సరైనదే కానీ, ఏడు బంధాలు ఉండి తీరాలన్న ఊహ దగ్గరే చిక్కు వస్తోంది. డైబోరేన్‌లో ఒక్కో బోరాన్‌కు రెండేసి చొప్పున చివర్లలో ఉన్న నాలుగు హైడ్రోజన్లు మామూలు బంధాలతో 8 ఎలక్ట్రాన్లను వాడుకుంటాయి. మిగిలిన రెండు హైడ్రోజన్లు ఆ నాలుగూ ఉన్న తలానికి పైన ఒకటి, కింద ఒకటిగా రెండు బోరాన్ల నడుమ బ్రిడ్జిల్లా ఉంటాయి. అక్కడ ఒక్కొక్క ఎలక్ట్రాన్ జంట బోరాన్, హైడ్రోజన్, బోరాన్ మూడింటినీ కలిపి పట్టి ఉంచుతుంది. ఒకే జంటను మూడు పరమాణువులు పంచుకోవడం వల్ల చివరి బంధం పొడవు 119 పికోమీటర్లు ఉంటే, బ్రిడ్జి బంధం 133 పికోమీటర్ల దాకా సాగుతుంది. ఒంటరి ట్రైహైడ్రైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరు ఎలక్ట్రాన్లే ఉండి ఒక ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్ జంట ఉండగల చోటు) ఖాళీగా మిగులుతుంది. పక్క అణువులోని బంధపు జంట ఆ ఖాళీని పంచుకుంటే రెండింటి శక్తీ తగ్గుతుంది. బంధక ఆర్బిటాళ్లన్నీ నిండిన ఈ అణువుకు లోటు లేదనీ, ఒక్కో గీతకు రెండు పరమాణువులే అన్న మన చిత్రణ పద్ధతికే లోటు ఉందనీ నా అభిప్రాయం.

రెండవ జవాబు:
దీనికి రసాయనిక సాక్ష్యం కూడా ఉంది, అది నాకెంతో ఇష్టమైనది. ట్రైమిథైల్‌బోరేన్‌తో చర్య జరిపినప్పుడు డైబోరేన్‌లోని ఆరు హైడ్రోజన్లలో నాలుగింటి స్థానంలోకి మాత్రమే మిథైల్ సమూహాలు వస్తాయి. అంటే మిగిలిన రెండూ వేరే రకానికి చెందినవి. రసాయన శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ స్టాక్ 1912 నుంచి బోరాన్ హైడ్రైడ్‌లను గాలి తగలని శూన్య పరికరాల్లో వేరుచేసిన తరువాత కూడా చాలాకాలం ఈథేన్ తరహా నిర్మాణాన్నే ఎక్కువమంది నమ్మారు. 1943లో లాంగెట్-హిగ్గిన్స్ బ్రిడ్జి నిర్మాణాన్ని గట్టిగా సమర్థించగా, 1951లో హెడ్‌బర్గ్, షోమేకర్‌ల ఎలక్ట్రాన్ వివర్తన ప్రయోగం (ఎలక్ట్రాన్ పుంజం చెదిరే తీరును బట్టి అణువు ఆకృతిని తెలుసుకునేది) దానిని స్థిరపరిచింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. లోటు లేకపోతే గాలిలో అంత సులువుగా ఎందుకు మండుతుంది?

మొదటి జవాబిచ్చినవారు:
బోరాన్–ఆక్సిజన్ బంధం చాలా బలమైనది కనుక, బోరాన్ ఆక్సైడ్, నీరు ఏర్పడేటప్పుడు అపారమైన ఉష్ణం వెలువడుతుంది. అయితే బోరేన్‌లన్నీ (బోరాన్, హైడ్రోజన్ కలిసిన పదార్థాలు) అలా మండవు: ఇరవై ముఖాల ఆకృతి మూలల్లో పన్నెండు బోరాన్లు అమరిన డోడెకాబోరేట్ అయాన్ గాలినీ నీటినీ చక్కగా తట్టుకుంటుంది.