షుగరు ఉన్న పెద్దవారికి కాపడం: ఎంత వేడి, ఎంతసేపు?

ప్రశ్న:
మేము ఆదిలాబాద్‌లో ఉంటాము. మా అత్తగారికి 74 ఏళ్లు; చాలాకాలంగా షుగరు ఉంది, మోకాళ్లు అరిగిపోయాయి. చలి మొదలైనప్పటి నుంచి రాత్రిపూట రబ్బరు సంచిలో మరిగిన నీళ్లు పోయించుకొని, మోకాలి కిందో పాదాల దగ్గరో పెట్టుకొని అలాగే నిద్రపోతున్నారు. "ఇంకా వేడిగా కావాలమ్మా, నాకేమీ తెలియడం లేదు" అంటున్నారు. పిక్క మీద వల అల్లినట్టు గోధుమరంగు చారలు వచ్చాయి. కాపడం మానిపించాలా, పద్ధతి మార్చితే చాలా?

జవాబు (ఫిజియోథెరపిస్టు):
"ఏమీ తెలియడం లేదు" అన్న మాటకే మీరు జాగ్రత్త పడాలి. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నవారికి చర్మం కాలుతున్నా తెలియదు. పైగా వయసుతో చర్మం పలుచబడి, రక్తప్రసరణ తగ్గి, తగిలిన వేడి త్వరగా చెదిరిపోదు. 60 డిగ్రీల నీరు సుమారు 5 సెకన్లలో కాలుస్తుంది కానీ, ఓర్చుకోగలిగే 44 డిగ్రీల వేడి కూడా ఒకేచోట 6 గంటలు తగిలి ఉంటే అంతపనీ చేస్తుంది. నిద్రలో జరిగేది ఇదే.

ఆమెను కళ్లు మూసుకోమని, ఒక స్టీలు గ్లాసులో చల్లని నీళ్లు, మరొకదానిలో గోరువెచ్చని నీళ్లు పోసి, ఒకదాని తర్వాత ఒకటి మోకాలికి ఆనించి, ఏది ఏదో చెప్పమనండి. తడబడితే అక్కడ కాపడం వద్దు. సరిగా చెప్పగలిగితే, మరగకుండా వేడిచేసిన నీళ్లు సంచిలో సగందాకా పోసి, గాలి తీసేసి, మందపాటి తువ్వాలు చుట్టి, ముందు మీ మోచేతికి ఆనించి చూసి, 15 నిమిషాలకు మించకుండా పెట్టండి. అయిదేసి నిమిషాలకు తువ్వాలు తొలగించి చర్మం చూడండి. సంచి పైన ఉండాలే తప్ప కాలు దాని మీద ఉండకూడదు. బరువు పడితే రక్తప్రసరణ ఇంకా తగ్గుతుంది. పాదాలకు మాత్రం అసలు వద్దు, మేజోళ్లు చాలు.

ఆ చారలు పదేపదే తగిలిన వేడికి వచ్చేవి. వేడి ఆపితే చాలావరకు నెమ్మదిగా తగ్గుతాయి. అయినా చర్మవైద్యులకు చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. పెనం మీద వేయించిన ఉప్పు మూట మంచిదని మా ఆడపడుచు అంటున్నారు.

జవాబు (ఫిజియోథెరపిస్టు):
ఆమెకు వద్దండి. నీళ్లు మరిగినా 100 డిగ్రీల దగ్గర ఆగుతాయి, ఉప్పు అంతకుమించి కాగుతుంది. మూట పైన వెచ్చగా ఉన్నా లోపలి వేడి తర్వాత బయటికి వస్తుంది.

మరొక జవాబు (నర్సు):
నొప్పి బామ్ రాసినచోట కాపడం పెట్టకండి. ఫెంటనిల్ పట్టీ (తీవ్రమైన నొప్పికి చర్మం మీద అంటించే బలమైన మందు పట్టీ) వాడేవారికైతే వేడి తగిలితే మందు ఎక్కువగా ఒంట్లోకి చేరి ఊపిరికే ప్రమాదం. ఎప్పుడైనా కాలితే వెంటనే 20 నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచండి. ఐసు, పసుపు, టూత్‌పేస్టు, సిరా ఏదీ వద్దు. షుగరు ఉన్నవారికి బొబ్బ నొప్పి లేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.