టీషర్టుకి స్కూల్లో సరేనన్నారు, ఐస్‌క్రీమ్ షాపులో తిప్పి పంపారు. ఎందుకిలా?

జెర్సీ నాన్న:

మా అమ్మాయి లెవెన్త్ గ్రేడ్, న్యూజెర్సీలో పబ్లిక్ స్కూల్. పోయిన నెల తనే డిజైన్ చేసుకుని ఒక టీషర్టు ప్రింట్ చేయించుకుంది. దాని మీదున్న ఇంగ్లిష్ ముక్కని తెలుగులో చెప్పాలంటే: "దేవుడు లేడు. హోంవర్క్ నువ్వే చేసుకో." మా నాన్న ఊళ్లో పేరుమోసిన నాస్తికుడు. గృహప్రవేశానికి భోజనానికని వెళ్లి పంతులుగారితో వాదన పెట్టుకొచ్చే రకం. మనవరాలికి ఇది ఎక్కడి నుంచి దిగిందో వేరే చెప్పక్కర్లేదు. మా ఆవిడ మాత్రం రోజూ దీపం పెట్టే మనిషి. ఆ టీషర్టు ముట్టుకోనంది. మెషిన్‌లో నేనే వేస్తున్నా.

మొదటి రోజే క్లాసులో ఒకమ్మాయి, చర్చికి వెళ్లే పిల్ల, తన మతాన్ని అవమానిస్తోందని చెప్పింది. వైస్ ప్రిన్సిపాల్ పిలిచి, ఇది హరాస్‌మెంట్ పాలసీకి విరుద్ధం, పైన హుడీ వేసుకో అన్నాడు. జూన్ ఎండలో రోజంతా హుడీ. మర్నాడు ప్రిన్సిపాల్ స్వయంగా ఫోన్ చేసి, లాయర్‌ని అడిగాం, వేసుకోవచ్చు, సారీ అంది. ఆ ఊపులో శనివారం అదే వేసుకుని పనికి వెళ్లింది (ఐస్‌క్రీమ్ షాపులో వారానికి 10 గంటలు చేస్తుంది). మేనేజర్ చూసి, మార్చుకుని రా, లేదంటే ఇంటికి పో అన్నాడు. ఇది "ఫస్ట్ అమెండ్‌మెంట్" (రాజ్యాంగం ఇచ్చిన మాట స్వేచ్ఛ) అందిట. వాడు నవ్వాడుట. ఏడుస్తూ ఫోన్ చేసింది.

నా గందరగోళం వేరు. 14 ఏళ్లుగా ఐటీలో ఉన్నా. ఏటా ఆ హరాస్‌మెంట్ ట్రైనింగ్ వీడియో చూసి, చివర క్విజ్ పాసై, బతికిపోతున్నా. అందులో చెప్పేది ఒకటే: నీ ఉద్దేశం ఏదైనా కావచ్చు, ఎదుటివాళ్లకి ఎలా తగిలిందనేదే లెక్క. మా టీమ్‌లో ఒకాయన మానిటర్ పక్కన మతం మీద కార్టూన్ అంటిస్తే గంటలో తీయించారు. అందుకే వైస్ ప్రిన్సిపాల్‌దే కరెక్టని అమ్మాయితో అన్నాను. ఇప్పుడు ఇంట్లో నాతో మాట్లాడట్లేదు. పిల్లలకి పెద్దవాళ్ల కన్నా ఎక్కువ స్వేచ్ఛా? ఎవరిది రైటు?

పాత హెచ్చార్, కొత్త టీచర్:

అన్నయ్యగారూ, నేను తొమ్మిదేళ్లు హెచ్చార్‌లో చేసి ఇప్పుడు హైస్కూల్లో పాఠాలు చెప్తున్నా. రెండు వైపులా తిట్లు తిన్నదాన్ని. ముందు అమ్మాయికి సారీ చెప్పండి.

మీరు చూడాల్సింది మాట ఎంత ఘాటుగా ఉందన్నది కాదు, ఆపుతున్నది ఎవరన్నది. రాజ్యాంగం చేతులు కట్టేసేది ప్రభుత్వానికి. పబ్లిక్ స్కూల్ అంటే ప్రభుత్వమే. ఐస్‌క్రీమ్ షాపు కాదు. మీ అమ్మాయి మునిసిపల్ ఆఫీసులో పనిచేస్తూ అలాంటి మేనేజర్‌ని ఎదుర్కొని ఉంటే కథ ఇంకోలా నడిచేది, అదీ కొంతవరకే.

స్కూల్ సంగతి 1965 డిసెంబర్‌లో అయోవాలో మొదలైంది. డెమాయిన్‌లో కొందరు పిల్లలు వియత్నాం యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం చేతికి నల్ల పట్టీలు కట్టుకుని బడికొస్తే సస్పెండ్ చేశారు. అందులో మేరీ బెత్ టింకర్‌కి 13 ఏళ్లు. 1969లో సుప్రీంకోర్టు 7-2తో పిల్లల పక్షాన నిలిచింది. పిల్లల మాటని ఆపాలంటే, చదువుకి గణనీయంగా అంతరాయం కలుగుతుందని నమ్మడానికి స్కూల్ ఆధారం చూపాలి, లేదా ఇతర పిల్లల హక్కులకి భంగం కలగాలి. గొడవ అవుతుందేమోనన్న ఉత్త భయం చాలదు. ఒక పిల్లకి మనసు నొచ్చుకోవడం కూడా చాలదు. తర్వాత వచ్చిన తీర్పులు కొన్ని తలుపులు మూశాయి. బూతు మాటలైతే ఆపొచ్చు (1986), స్కూల్ నడిపే పత్రికైతే స్కూల్ మాట చెల్లుతుంది (1988), మత్తుమందుల ప్రచారమైతే ఆపొచ్చు (2007). మీ అమ్మాయి టీషర్టు వీటిలో దేనికిందా రాదు.

మరి వైస్ ప్రిన్సిపాల్ అన్న "హరాస్‌మెంట్ పాలసీ"? ఇక్కడే నాకు నవ్వొచ్చింది. పెన్సిల్వేనియాలో స్టేట్ కాలేజ్ అనే ఊరి స్కూళ్లు, ఎవరికైనా అభ్యంతరం అనిపించే మాటనల్లా హరాస్‌మెంట్ అనేంత వెడల్పైన పాలసీ పెట్టుకున్నాయి. కోర్టుకెళ్లింది ఎవరనుకున్నారు? స్వలింగ సంబంధాలు పాపమని నమ్మే క్రైస్తవ కుటుంబం. తమ పిల్లలు ఆ మాట పైకంటే శిక్షిస్తారేమోనని వాళ్ల భయం. 2001లో థర్డ్ సర్క్యూట్ (సుప్రీంకోర్టుకి ఒక మెట్టు కిందుండే ఫెడరల్ అప్పీల్ కోర్టు) ఆ పాలసీని కొట్టేసింది. తీర్పు రాసింది అప్పట్లో అక్కడ జడ్జిగా ఉన్న శామ్యుల్ అలీటో, తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్లి సంప్రదాయవాదిగా పేరుపడ్డాయన. హరాస్‌మెంట్ అని పేరు పెట్టినంత మాత్రాన మాటకున్న రక్షణ పోదన్నాడు. థర్డ్ సర్క్యూట్ కిందకే న్యూజెర్సీ కూడా వస్తుంది. అంటే మీ నాస్తిక పిల్లని కాపాడింది చర్చికెళ్లే పిల్లలు గెలిచిన కేసు. లాయర్ ప్రిన్సిపాల్‌కి ఫోన్లో చెప్పింది ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

ఇక మీ ట్రైనింగ్ వీడియో. 1964 చట్టంలో టైటిల్ సెవెన్ ప్రకారం మతం, జాతి, లింగం వగైరాల మీద ఉద్యోగంలో వివక్ష తప్పు. వేధింపు వాతావరణం కూడా వివక్షేనని సుప్రీంకోర్టు 1986లో ఒప్పుకుంది. కానీ చట్టం పెట్టిన గీత మీరనుకునేంత కింద లేదు. తీవ్రమైనదైనా కావాలి, లేదా పదేపదే జరిగి పని చేసుకునే పరిస్థితులనే మార్చేసేలా అయినా ఉండాలి. ఒక శనివారం ఒక టీషర్టు ఆ గీత దరిదాపుల్లోకి రాదు.

మరి కార్టూన్ గంటలో ఎందుకు తీయించారు? 1998లో రెండు తీర్పులొచ్చాయి. సూపర్‌వైజర్ వేధించాడని కేసు పడితే, కొన్ని సందర్భాల్లో, నివారణకి మేం తగినంత జాగ్రత్త తీసుకున్నాం, ఫిర్యాదు దారి చూపించాం, ఆ ఉద్యోగే వాడుకోలేదు అని కంపెనీ తప్పించుకోవచ్చు. ఆ తర్వాత ట్రైనింగులు పుట్టగొడుగుల్లా మొలిచాయి. ఆ వీడియో మీకోసం కాదన్నయ్యా, కంపెనీ ఫైల్ కోసం. నేనే ఎన్నో చూపించాను. చట్టం గీత పది అడుగుల దూరంలో ఉంటే కంపెనీ కంచె రెండడుగుల దగ్గరే వేస్తుంది. ప్రైవేటు యజమానికి ఆ హక్కు ఉంది. ప్రిన్సిపాల్ ఆ కంచె అరువు తెచ్చుకుంటానంటే కుదరదు. మీ వైస్ ప్రిన్సిపాల్ చేసింది అదే.

షాపు గురించి ఒక్కటే. 15 మంది కన్నా తక్కువ ఉన్న షాపుకి టైటిల్ సెవెన్ వర్తించదు, చూసుకోండి.

లా చదువుతున్న తమ్ముడు:

అక్కా, చివరి మాటకి ఒక సవరణ. న్యూజెర్సీకి సొంత వివక్ష నిరోధక చట్టం ఉంది, ఒక్క ఉద్యోగి ఉన్నా వర్తిస్తుంది. కాబట్టి షాపు చిన్నదని వదిలేయక్కర్లేదు.

అన్నా, అమ్మాయిని ఒకటి అడగండి. అక్కడ ఇంకెవరైనా "జీసస్ లవ్స్ యూ" టోపీలాంటిది పెట్టుకుని నిలబడుతున్నారా? మేనేజర్ దాన్ని వదిలేసి దీన్నే ఆపితే అప్పుడు మాట్లాడొచ్చు. దేవుణ్ని నమ్మకపోవడం కూడా టైటిల్ సెవెన్‌లో మతం కిందకే వస్తుంది. అందరికీ ఒకటే రూల్ అయితే అమ్మాయికి కేసు లేదు. సిలువ గొలుసు, తలకి స్కార్ఫ్ లాంటివి వేరు. అవి మతాచారం, వాటికి మామూలుగా యజమాని వీలు చూపాలి. 2015లో ఒక ముస్లిం అమ్మాయికి స్కార్ఫ్ వల్ల ఉద్యోగం ఇవ్వనందుకు అబర్‌క్రాంబీ కంపెనీ సుప్రీంకోర్టులో ఓడింది. హోంవర్క్ జోక్‌ని ఆచారమని ఏ జడ్జి ముందైనా అనమనండి చూద్దాం.

బొట్టు పెట్టుకునే పిల్లాడి అమ్మ:

మీ అందరికీ ఇది సరదాగా ఉంది. మా వాడు సెవెన్త్ గ్రేడ్. వాళ్ల నానమ్మ పెట్టిన బొట్టుతో వెళ్తాడు. ఇద్దరు పిల్లలు రోజూ బస్సులో ఆవు మూత్రం తాగొచ్చావా అంటారు. రోజూ. స్కూల్‌కి చెప్తే "పిల్లలు అభిప్రాయాలు చెప్పుకుంటారు, మేం మాటల్ని ఆపలేం" అన్నారు. వాడిప్పుడు బస్సు ఎక్కే ముందు చెరిపేసుకుంటున్నాడు. మీరు చెప్పే స్వేచ్ఛ ఇదేనా? టీషర్టు వేసుకునే పిల్లకి లాయర్ దొరికాడు, మా వాడికి?

పాత హెచ్చార్, కొత్త టీచర్:

అమ్మా, మీకు చెప్పింది తప్పు. ఆ తప్పు చాలా స్కూళ్లు రెండు దిక్కులా చేస్తాయి. ఆపకూడని టీషర్టుని ఆపుతారు, ఆపాల్సిన బస్సుని వదిలేస్తారు.

టీషర్టు ఊరందరికీ చెప్పే మాట. బస్సులో జరిగేది ఒక పిల్లాణ్ని ఎంచుకుని, వాడి మతాన్నీ పుట్టుకనీ పట్టుకుని, రోజూ పొడవడం. టింకర్ తీర్పులోనే ఇతరుల హక్కుల సంగతి ఉంది. పైగా న్యూజెర్సీలో 2011 నుంచి బుల్లీయింగ్ మీద గట్టి చట్టం ఉంది. అందరూ హెచ్‌ఐబీ (హరాస్‌మెంట్, ఇంటిమిడేషన్, బుల్లీయింగ్, అంటే వేధించడం, బెదిరించడం, ఏడిపించడం) అంటారు. స్కూల్ బస్సు కూడా అందులోకి వస్తుంది. ప్రతి స్కూల్లో యాంటీ బుల్లీయింగ్ స్పెషలిస్ట్ అని ఒకరుండాలి.

ఫోన్లో చెప్పొద్దు. ఈరోజే మెయిల్ రాయండి. "హెచ్‌ఐబీ" అన్న మాట సబ్జెక్ట్‌లోనే పెట్టండి. తేదీలు, బస్సు నంబరు, అన్న మాటలు అన్నట్టే రాయండి, మర్యాద కోసం మార్చకండి. రిపోర్ట్ అందాక ఒక స్కూల్ రోజులో విచారణ మొదలుపెట్టాలి, రాతపూర్వక రిపోర్ట్ అందిన 10 స్కూల్ రోజుల్లో ముగించాలి. ఈ గడియారం తిరుగుతోందని తెలిస్తే ప్రిన్సిపాల్ గొంతు మారుతుంది. నేను స్టాఫ్‌రూమ్‌లోంచి చూస్తున్నదాన్ని.

బొట్టు చెరుపుకోవడం గురించి కూడా రాయండి. చదువుతుంటే నాకే గొంతు పట్టుకుంది.

బొట్టు పెట్టుకునే పిల్లాడి అమ్మ:

రాత్రే పంపాను. ప్రిన్సిపాల్‌తో పాటు సూపరింటెండెంట్‌కి కూడా కాపీ పెట్టా. పొద్దున 8:20కి ఫోన్ వచ్చింది.

జెర్సీ నాన్న:

అమ్మాయికి ఇదంతా చదివి వినిపించా. సారీ కూడా చెప్పా. అలీటో దగ్గర పగలబడి నవ్వింది. బస్సు సంగతి విన్నాక మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ చర్చి అమ్మాయితో తను ఎప్పుడూ మొహం మీద ఏమీ అనలేదు కదా అని నన్ను రెండుసార్లు అడిగింది. నాకెలా తెలుస్తుంది, నువ్వే చెప్పాలి అన్నా.

షాపులో టోపీలు, బ్యాడ్జీలు ఎవరికీ లేవట. కాబట్టి తమ్ముడు చెప్పిన దారి మూసుకుపోయింది. మేనేజర్ గొడవెందుకని అందరికీ షాపు పేరున్న పోలో షర్టులు తెప్పించి, ఒక్కోదానికి 18 డాలర్లు జీతంలో కోస్తానన్నాడట. ఇది కుదురుతుందా? ఈసారి వాడితో మాట్లాడే ముందే అడుగుతున్నా.