'మత్తు', 'మగత', 'నొప్పి మందు': ఊపిరి మిషన్ మీద ఉన్న బిడ్డ తల్లికి ఏ మాట చెప్పాలి?

కర్నూలులో నెల తక్కువ బిడ్డల వార్డు కోసం, తల్లిదండ్రులు చదువుకునే కరపత్రం ఒకటి రాస్తూ 'మత్తు' దగ్గర ఆగిపోయాను. వెంటిలేటర్ మీదున్న బిడ్డకు మిడజోలం ఇచ్చినా, మార్ఫిన్ ఇచ్చినా మన నోట రెండూ మత్తుమందులే. మిడజోలం మగత కలిగిస్తుంది గానీ నొప్పిని తగ్గించదు. మార్ఫిన్, ఫెంటనిల్ నొప్పిని తగ్గిస్తాయి, వాటితో మగత కూడా వస్తుంది.

మొన్న అద్దాల పెట్టె దగ్గర నిలబడిన ఒక అవ్వ, "మత్తిచ్చినారు గదా, ఏడ్చడం ల్యా, ఇంక నొప్పి తెలీదులే" అని కూతురికి ధైర్యం చెబుతోంది. అప్పుడు మడమ మీద సూదితో గుచ్చి రక్తం తీస్తున్నారు. బిడ్డ కనుబొమలు ముడిచి, కళ్లు గట్టిగా బిగించి, గొట్టం చుట్టూ నోరు తెరిచి ఏడుస్తూనే ఉంది. ఆ గొట్టం స్వరతంత్రుల నడుమ నుంచి వెళ్తుంది కనుక ఏడుపుకు గొంతు లేదు, అంతే. 'మత్తు' చూసేవారికి కనిపించే నిశ్చలతను చెబుతుంది; బిడ్డ లోపల నొస్తోందా లేదా అన్న సంగతి అందులో లేదు.

వైద్యులూ ఒకప్పుడు ఇలాగే భ్రమపడ్డారు. 1980ల దాకా ఎందరో పసిబిడ్డలకు, కండరాలు కదలకుండా చేసే మందుతో, నామమాత్రపు మత్తుతో శస్త్రచికిత్సలు జరిగాయి. ఫెంటనిల్ ఇస్తే నెల తక్కువ బిడ్డల శరీరం మీద ఆపరేషన్ ఒత్తిడి తగ్గుతుందని పసిబిడ్డల నొప్పి మీద పరిశోధన చేసిన వైద్యుడు కె.జె.ఎస్. ఆనంద్ బృందం 1987లో చూపించింది.

కాబట్టి మిడజోలంను 'మగత మందు' అనీ, మార్ఫిన్, ఫెంటనిల్‌లను 'నొప్పి మందు' అనీ రాయాలనుకుంటున్నాను. 'మత్తు' వదిలేస్తే వ్యసనం భయమూ కొంత తగ్గుతుంది.

ఇది చదివి కడప నుంచి ఒక పాఠకురాలు రాసింది: 'మగత' చక్కగా కుదిరిందండీ. 'నొప్పి మందు' మాత్రం వద్దు. మా ప్రసూతి వార్డులో 'నొప్పుల సూది' అంటే కాన్పు నొప్పులు రావడానికి వేసేది. నిన్నగాక మొన్న ఆ సూది వేయించుకున్న బాలింత, బిడ్డకు 'నొప్పి మందు' అని చదివితే గుండె గుభేలుమంటుంది.

నా జవాబు: మంచి మాట పట్టిచ్చారమ్మా, నాకు తట్టనే లేదు. 'నొప్పి తగ్గే మందు' అని విడమరచి రాస్తాను. ఆ మందు ప్రతి బిడ్డకూ ఇవ్వరన్నదీ రాయాలి. వెంటిలేటర్ మీదున్న సుమారు 900 మంది నెల తక్కువ బిడ్డలపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో, అందరికీ మార్ఫిన్ ఎక్కించడం వల్ల మరణాలు గానీ మెదడు దెబ్బలు గానీ తగ్గలేదు. రక్తపోటు పడిపోవడం కనిపించింది. సూది గుచ్చేటప్పుడు తల్లి ఒక అరచేయి తల మీద, ఒకటి ముడిచిన కాళ్ల మీద ఉంచి బిడ్డను ఒదిగించి పట్టుకుంటే కొంత ఉపశమనం ఉంటుంది. దానికి మాట వెతుక్కోనక్కరలేదు. కోడి పిల్లల్ని చేసేదే, 'పొదువుకోవడం'. కరపత్రంలో ఆ వాక్యం ఇలా పెట్టాను: "సిస్టరమ్మను అడిగి, చేతులు కడుక్కొని, సూది వేసేటప్పుడు మీ బిడ్డను రెండు చేతులతో పొదువుకోండి."