బ్యాంకు వేలంలో ఇల్లు: వేదాయపాళెంలో 15 అంకణాలు, పాడొచ్చా?

కావలి టీచరమ్మ:
అందరికీ నమస్కారం. నెల్లూరు వేదాయపాళెంలో 15 అంకణాల డాబా ఇల్లు బ్యాంకు వేలానికి వచ్చింది. రిజర్వు ధర 42 లక్షలు. ఆ వీధిలో బయట బేరం 60 దాకా పలుకుతుందంటున్నారు. పాటకి ఇంకా పన్నెండు రోజులుంది. మా ఆయన పాడదామంటున్నాడు. మా నాన్న "ఒకరి ఉసురు తగిలిన ఇల్లు మనకొద్దమ్మా" అంటున్నాడు. ఉసురు సంగతి నాన్నతో నేను మాట్లాడుకుంటా గానీ, కాయితాల్లో ఏం చూసుకోవాలో చెప్పండి.

ఒంగోలు రిటైర్డు బ్యాంకరు:
ముందు నోటీసులో ఒక్క మాట వెతుకమ్మా. స్వాధీనం 'ఫిజికల్' అనుందా, 'సింబాలిక్' అనుందా?

కావలి టీచరమ్మ:
సింబాలిక్ అనుంది సార్. లోపల మనుషులున్నారు.

ఒంగోలు రిటైర్డు బ్యాంకరు:
అయితే బ్యాంకు గోడకి నోటీసు అంటించిందంతే, తాళంచెవి ఇంకా లోపలున్నవాళ్ళ చేతిలోనే ఉండాది. బాకీ కట్టనివాళ్ళ తనఖా ఆస్తిని బ్యాంకు అమ్ముకునే చట్టం ఒకటుంది, 2002 నాటి సర్ఫేసీ చట్టం. దాని 14వ సెక్షను కింద కలెక్టరుకో చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకో బ్యాంకు అర్జీ పెట్టి ఖాళీ చేయించాలి. ఆర్డరు 30 రోజుల్లో, మహా అయితే 60 రోజుల్లో ఇవ్వాలని చట్టంలో రాసుంది. దాన్ని నమ్ముకుని గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకోబాకండి. ఆ 18 లక్షల తేడాలో సగం ఈ తాళంచెవి ధరే.

బుచ్చి నుంచి ఒక అన్న:
సార్ చెప్పింది అక్షరాలా నిజం. నేనూ సింబాలిక్ ఇల్లే పాడినా. డబ్బంతా కట్టి, సేల్ సర్టిఫికెట్ చేతికొచ్చినాక కూడా గడప దాటేదానికి పద్నాలుగు నెలలు పట్టింది. పాత ఓనర్లు డీఆర్‌టీలో, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్లో, కేసేశారు. ఇంటద్దె ఒకపక్క, ఈఎంఐ ఒకపక్క. బ్యాంకులో అడిగితే "ఉన్నది ఉన్నట్టుగా అని సంతకం పెట్టారు కదండీ" అన్నారు. తీరా తలుపు తీస్తే స్విచ్చు బోర్డులు, కుళాయిలు, బోరు మోటారు అన్నీ పీక్కెళ్ళారు. వాళ్ళ కడుపుమంట వాళ్ళది, తిట్టబుద్ధి కాలేదు. మళ్ళీ కొంటావా అంటే కొంటా. కాకపోతే రెండేళ్ళ అద్దె ముందే పక్కన పెట్టుకుని కొంటా.

దస్తావేజు లేఖరి, నెల్లూరు:
నోటీసులో గజాలు ఎన్ని రాశారో చూడండి. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. 15 అంకణాలకి 120 గజాలు రావాలి. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే, ఈ తికమక నేను చాలాసార్లు చూశా. టేపు పట్టుకుని పోయి మీరే కొలవండి. హద్దులు, డోరు నంబరు పాత దస్తావేజుతో సరిపోవాలి. 30 ఏళ్ళకి ఈసీ తీయించండి, ఆస్తి మీద తనఖాలు, అమ్మకాలు ఏమున్నాయో రిజిస్ట్రారాఫీసు ఇచ్చే కాయితం అది. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషను చేయకూడని భూముల లిస్టులో, లేదని చూసుకోండి. ఇంటి పన్ను, కరెంటు బకాయిలు కూడా అడగండి. నియమాల్లో ఉంటే పాత కరెంటు బాకీ కొత్త యజమాని దగ్గర వసూలు చేయొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.
మీది ఆ పక్క కాదు గానీ, పెన్నా ఒడ్డున భగత్‌సింగ్ కాలనీ వైపు చూసేవాళ్ళు ఎవరన్నా ఉంటే, 2021 నవంబరు వరదలో నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో ఎదురింటివాళ్ళని అడగండి.

కావలి టీచరమ్మ:
మా దగ్గర 15 లక్షలుంది. మిగతాది హోమ్ లోన్ పెడదామని.

ఒంగోలు రిటైర్డు బ్యాంకరు:
ఇక్కడే చాలామంది మునుగుతారు. పాటలో కూర్చోవాలంటే ముందు కట్టే ధరావతు, ఈఎండీ అంటారు, రిజర్వు ధరలో 10 శాతం, 4 లక్షల 20 వేలు. పాట మీ మీద ఆగితే అదే రోజు, లేదంటే మర్నాటి పనిరోజుకల్లా, ఈఎండీతో కలిపి 25 శాతం కట్టాలి. మిగతా 75 శాతం 15 రోజుల్లో. బ్యాంకు రాతలో ఒప్పుకుంటే మూడు నెలల దాకా గడువు దొరకొచ్చు, అది వాళ్ళ దయ. కట్టలేకపోతే కట్టిన సొమ్ము జప్తు. సింబాలిక్ ఆస్తికి లోనివ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి. లోను మంజూరు కాయితం చేతిలో లేకుండా పాటకి కూర్చోబాకమ్మా.

కావలి టీచరమ్మ:
నిన్న పోయి చూసొచ్చాం. కొలతలు సరిపోయాయి. మేడ మీద ఓనరు వాళ్ళు, కింద వాటాలో ఒక పెద్దావిడ అద్దెకుంది. 2016 నుంచి ఉంటోందట. ఈసీలో తనఖా 2018 అనుంది.

ఒంగోలు రిటైర్డు బ్యాంకరు:
రిజిస్టరైన అగ్రిమెంటు ఉందా?

కావలి టీచరమ్మ:
లేదు, నోటి మాటే. మాకు మజ్జిగ కూడా ఇచ్చింది పాపం.

ఒంగోలు రిటైర్డు బ్యాంకరు:
తనఖాకి ముందునుంచీ ఉన్నా, నోటి మాట మీద ఎక్కువ కాలం నిలవదు గానీ, డీఆర్‌టీకి పోయే దారి ఆవిడకీ ఉంది. అంటే మీరు ఖాళీ చేయించాల్సింది ఒక కుటుంబాన్ని కాదు, ఇద్దర్ని. ధర అట్టా లెక్కేసుకోండి.

కావలి టీచరమ్మ:
సోమవారం బ్రాంచికి పోయి 14వ సెక్షను ఆర్డరు వచ్చిందా, డీఆర్‌టీలో కేసేమన్నా ఉందా అని రాతలో అడుగుతాం. 46 దాటితే లేచి వచ్చేద్దామని మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నా.

బుచ్చి నుంచి ఒక అన్న:
ఒట్టు కాయితం మీద రాయించుకో అక్కా. పాట వేడిలో నేనూ మూడు లక్షలు ఎక్కువ పాడినా.