అమ్మ చేతుల మీది ఎండ మచ్చలకు లేజర్ చేయించవచ్చా?

మాది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం. అమ్మకు 58 ఏళ్లు, మధుమేహం కూడా ఉంది. ముప్ఫై ఏళ్లకు పైగా పత్తి, మిరప చేలల్లోనే గడిపింది. ఎండకు తలమీద కొంగు కప్పుకునేది కానీ చేతులకు ఏ రక్షణా లేదు. ఇప్పుడు మణికట్టు నుంచి వేళ్ల దాకా గోధుమరంగు మచ్చలు, ముడతలు. వచ్చే మాఘంలో చెల్లి పెళ్లి. గాజులు వేయించుకోవడానికి చేయి చాపాలన్నా అమ్మ సంకోచిస్తోంది. మమ్మల్ని చదివించిన చేతులవి. చూస్తుంటే మనసు చివుక్కుమంటోంది.

హనుమకొండలో చూపిస్తే క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ-యాగ్ అనే, మచ్చల్లోని రంగును పగలగొట్టే లేజర్ నాలుగైదు విడతలు చేయాలన్నారు. దాని 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి చామనఛాయ చర్మానికి కొంత సురక్షితమట, అయినా మచ్చ మరింత నల్లబడే ప్రమాదం ఉందట. ముఖం కన్నా చేతులు నెమ్మదిగా మానుతాయని కూడా చెప్పారు.

మన ఛాయ ఉన్నవారెవరైనా చేతులకు చేయించుకున్నారా? ముడతలు కూడా తగ్గాయా, మచ్చలు మాత్రమేనా? అమ్మ చేనుకు వెళ్లడం మానదు. నిండు చేతుల చొక్కా, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ సరిపోతాయా? ఒక మచ్చ గరుకుగా, అంచులు వంకరగా ఉంది. ముందు దానికి బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయమని అడగాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.