పీసీఓఎస్‌కు చైనా సంప్రదాయ వైద్యం: లెట్రోజోల్‌ను వాయిదా వేయవచ్చా?

ప్రశ్న

నా వయస్సు 29. పీసీఓఎస్ (హార్మోన్లు గాడి తప్పి అండం సరిగా విడుదల కాని సమస్య) వల్ల నెలసరి రెండు మూడు నెలలకొకసారి వస్తోంది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం కనుక అండం విడుదలకు తోడ్పడే లెట్రోజోల్ మాత్రలు మొదలుపెడదామని స్త్రీవైద్య నిపుణురాలు అన్నారు. ఈలోగా చైనా సంప్రదాయ వైద్యం చేసే ఒకరిని కలిశాను. ఆయన నాడి పట్టి, నాలుక చూసి, కిడ్నీ బలహీనంగా ఉందని, కఫం గర్భాశయాన్ని అడ్డుకుంటోందని చెప్పి, వారానికి రెండుసార్లు ఆక్యుపంక్చర్, మూడు నెలల పాటు మూలికల కషాయం సూచించారు. భయపడి కిడ్నీ పరీక్షలు చేయించుకుంటే అన్నీ సవ్యంగానే ఉన్నాయి. లెట్రోజోల్‌ను ఆపి ముందు దీన్ని ప్రయత్నించవచ్చా?

మొదటి జవాబు

ఆయన చెప్పిన కిడ్నీ మీ పరీక్షల్లో కనిపించే కిడ్నీ కాదండీ. ఎదుగుదలకూ సంతానానికీ మూలమైన సత్తువ నిలిచి ఉండే చోటును చైనా వైద్యం ఆ పేరుతో పిలుస్తుంది. పీసీఓఎస్ అనే పేరు వారి ప్రాచీన గ్రంథాల్లో ఉండదు. స్టీన్, లెవెంతాల్ అనే అమెరికా వైద్యులు దీన్ని వర్ణించిందే 1935లో. ఆలస్యంగా వచ్చే నెలసరికి, ఆగిపోయిన నెలసరికి, సంతానలేమికి పూర్వం చెప్పిన చికిత్సలనే నేటి వైద్యులు దీనికి వాడుతున్నారు. స్థూలకాయం గల స్త్రీలలో కఫం, తేమ పేరుకుని గర్భాశయాన్ని మూసివేస్తాయన్నది 14వ శతాబ్దపు వైద్యుడు ఝూ దాన్‌షీ అభిప్రాయం. మీకు చెప్పింది అదే. మొటిమలు, చిరాకు ఎక్కువగా ఉన్న మరొకరికి కాలేయంలో ‘చీ’ (ప్రాణశక్తి) స్తంభించిందని చెప్పి వేరే మందు ఇస్తారు. మనిషిని బట్టి మందు మారుతుంది కనుక ఈ వైద్యాన్ని పరిశోధనలతో కొలవలేమని కొందరు వాదిస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

రెండో జవాబు

సూదుల సంగతి మాత్రం చైనాలోనే కొలిచి చూశారు. పీసీఓఎస్ ఉన్న 1000 మంది స్త్రీలపై జరిపిన ఆ పరిశోధన 2017లో వెలువడింది. మీకు చెప్పినట్టే అందులోనూ వారానికి రెండుసార్లు సూదులు గుచ్చారు. కొందరికి అసలు చికిత్స చేసి, మిగిలినవారికి సంబంధం లేని చోట్ల పైపైన గుచ్చి ఊరుకున్నారు. బిడ్డను కన్నవారు మొదటి వర్గంలో 21.8 శాతం, రెండో వర్గంలో 22.4 శాతం. అదే పరిశోధనలో అండం విడుదలకు ఇచ్చే క్లోమిఫెన్ అనే మందు వాడినవారిలో 28.7 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 15.4 శాతం మందికి కాన్పు జరిగింది. కనుక గర్భం కోసమే అయితే సూదుల కోసం మూడు నెలలు వేచి ఉండమని నేను చెప్పలేను.

మూడో జవాబు

నాకు సూదుల కంటే కషాయం గురించే ఎక్కువ ఆందోళన. మొటిమలున్న పీసీఓఎస్‌కు కొందరు ఇచ్చే ‘లోంగ్‌దాన్ షియెగాన్’ మాత్రల్లో ఒకప్పుడు గ్వాన్ ముతోంగ్ అనే తీగ వాడేవారు. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను నిజంగానే పాడుచేస్తుంది; చైనా ప్రభుత్వమే 2003లో ఆ తీగ వాడకాన్ని నిషేధించింది. ఇంకొక చిక్కుంది. రక్తాన్ని కదిలిస్తాయని చెప్పే పీచ్ గింజల పప్పు వంటివి గర్భిణులకు తగవని చైనా వైద్యమే హెచ్చరిస్తుంది. నెలసరి క్రమంగా రాని మీకు గర్భం వచ్చిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, అప్పటికి కషాయం ఇంకా సాగుతూ ఉండవచ్చు. హ్వాంగ్‌లియెన్ అనే మూలికలో ఉండే బెర్బెరిన్‌ను 644 మందిపై లెట్రోజోల్‌తో పోల్చి చూసినప్పుడు కాన్పులు లెట్రోజోల్‌తో 36 శాతం, బెర్బెరిన్‌తో 22 శాతం, రెండూ కలిపితే 34 శాతం వచ్చాయి. కషాయంలోని మూలికల పేర్లన్నీ రాయించుకుని మీ డాక్టరుగారికి చూపించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పేర్లు అడిగితే, అది తమ సొంత మిశ్రమమనీ, చెప్పడం కుదరదనీ అన్నారు. కషాయం వద్దని చెప్పి వచ్చాను. లెట్రోజోల్ ఈ నెలసరి నుంచే మొదలుపెడుతున్నాను.